కొర్రకూడు పోయిన దారి

చక్కెర జబ్బు ముప్పున్నవాళ్ళు వారానికి 150 నిమిషాలు నడిచి, ఏడు శాతం బరువు తగ్గితే జబ్బు రావడం 58 శాతం తగ్గుతుందని 2002లో అమెరికా పరిశోధన తేల్చింది. దాన్ని మన దేశానికి తగ్గట్టు మలిచిన ప్రయోగం ఫలితాలు 2006లో చెన్నై నుంచి వచ్చాయి. 531 మంది మీద చేశారు. తగ్గుదల 28.5 శాతం. ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళను ఉన్న పనే కొనసాగించమన్నారు. ఇది తెలివైన మార్పే. కాని అందులో చేరినవాళ్ళు ఉద్యోగాలు చేసుకునే మధ్యతరగతి.

కమలాపురం చెనిక్కాయ చేలల్లో పొద్దంతా వంగి కలుపు తీసే మా ఆడకూలీకి 150 నిమిషాల లెక్క దేనికి? ఆమె బతుకులో మారింది నడక కాదు, కూడు. ఈ మెట్టనేలల్లో పేదల తిండి కొర్రలు, జొన్నలు, సజ్జలు, రాగులే. వరన్నం పండగనాటి మాట. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలి తీరింది, దాన్ని మేము తక్కువ చేయం. దొరల ఇంటి అన్నం మావాళ్ళ కంచంలోకి రావడం ఆత్మగౌరవం కూడా. ('బియ్యం మానండి' అంటే మావాళ్ళు ఊరికే తల ఊపరు.) కాని ఆ చౌకదుకాణంలో కొర్రలకు చోటు దొరకలేదు.

ఇప్పుడవి సిరిధాన్యాలయ్యాయి. వాటిని ప్రచారం చేసిన ప్రొద్దుటూరు మనిషి ఖాదర్ వలికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ధర మాత్రం కూలికి అందదు.

జహీరాబాదు ప్రాంతపు దళిత మహిళా సంఘాలు 1990లలోనే వేరే దారి పట్టాయి. బీళ్ళు సాగుచేయించి, జొన్నలు పోగుచేసి, పేదలకు చౌకగా ఇచ్చాయి. ఎవరికెంత ఇవ్వాలో ఊరి మధ్య కూర్చుని తేల్చారు.