ఒక పౌను గింజలు

మొన్న కనగానపల్లి నుండి ఒక తమ్ముడు ఫోను చేసి ఇలా అడిగాడు: “అన్నా, పరాయి దేశాల్లో ఒంటి రంగు చూసి మనుషులను చంపుతున్నారని వింటున్నాము. వేరుశనగ చేనుకు, ధర్మవరం సంతకు తిరిగే మాలాంటివాళ్ళం దానికి ఏం చేయగలం?” న్యాయమైన ప్రశ్న. అయితే దీనికి జవాబు చెప్పాలంటే అమెరికాకు ముందు మన తాతల కాలానికి, ఈ మట్టిలోనే జరిగిన ఒక సంగతికి వెళ్ళాలి.

అది 1876వ సంవత్సరం. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది దీనినే. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అది 1882లో ఏర్పడింది. పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలన్నీ బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ ఏడు ముంగారు వాన రాలేదు, హింగారు వాన కూడా రాలేదు. చెరువులు నెర్రెలు విచ్చాయి. పశువులు పోయాయి, తరువాత మనుషులు పోయారు. కరువు ముగిసేనాటికి బళ్ళారి జిల్లా జనాభాలో దాదాపు అయిదో వంతు తగ్గిపోయింది. బ్రిటిష్ పాలనలో ఉన్న ప్రాంతాలన్నీ కలిపితే చనిపోయినవారు 50 లక్షలకు మించి ఉంటారని అంచనా. ఇక్కడ జనం ఇలా పడిపోతూ ఉండగానే 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని హిందూదేశపు చక్రవర్తినిగా ప్రకటిస్తూ గొప్ప దర్బారు జరిగింది.

ఆ దర్బారు జరిపిన వైస్రాయి లిట్టన్, సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు రాజధానికి పంపాడు. ఈ టెంపుల్ మూడేళ్ళ ముందు బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి చాలామంది ప్రాణాలు నిలబెట్టినవాడే. అయితే డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టాడని నలుగురూ తిట్టారు. ఆ తిట్లు ఆయన మరచిపోలేదు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవానికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి డబ్బు చాలు అని నిర్ణయించాడు. ఒక పౌను అంటే ఇప్పటి లెక్కలో సుమారు 450 గ్రాములు. దానితోనే రోజంతా ఎండలో పని చేయాలి. 2001లో మైక్ డేవిస్ అనే చరిత్రకారుడు ఈ తిండిలోని శక్తిని లెక్కకట్టి, 1944లో నాజీలు బుహెన్‌వాల్డ్ శిబిరంలో ఖైదీలకు పెట్టినదాని కంటే కూడా ఇది తక్కువని వ్రాశాడు.

టెంపుల్‌ను రాక్షసుడని తేల్చివేయడం సులువు. నన్ను కలవరపెట్టేది అది కాదు. ఆయన చదువుకున్నవాడు, పని తెలిసినవాడు. ఈ దేశపు మనిషి ఒంటికి ఇంత చాలు అని కూర్చుని లెక్క వేయగలిగాడు. తన ఊరి కూలివానికి ఆ లెక్కే వేసేవాడా? జాత్యహంకారం అనేది ఎప్పుడూ తుపాకీ పట్టుకునే రాదు, తక్కెడ పట్టుకుని కూడా వస్తుంది.

ఆ తక్కెడ తప్పు అన్నవాడు కూడా ఒక తెల్లవాడే. ఆయన మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్య కమిషనరు, డాక్టర్ కార్నిష్. జైలులో కఠినశిక్ష పడిన ఖైదీకి మనం ఇంతకంటే ఎక్కువ పెడుతున్నాము గదా, ఏ నేరమూ చేయని రైతుకు ఇదేమి కొలత అని కాగితాల మీద కాగితాలు వ్రాశాడు. బొంబాయి రాజధాని వైపు కూలీలు ఈ కూలి మాకు వద్దని పనులు వదలి నడిచి వెళ్ళిపోయారు. 1877లో మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే ఎందరో పోయారు.

ఆగస్టు 4న మద్రాసులో బహిరంగ సభ జరిగింది. మమ్మును ఆదుకోండి అని లండను మేయరుకు తంతి కొట్టారు. ఈ విన్నపం వైస్రాయికి నచ్చలేదు. అయినా చందాలు మొదలయ్యాయి. మద్రాసు కమిటీకి కార్యదర్శిగా పనిచేసినవాడు విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు. ఈ కరువు కథను ఆయనే 1878లో రెండు సంపుటాలుగా వ్రాసిపెట్టాడు. మొత్తం 6 లక్షల పౌండ్లకు మించి పోగయింది. అందులో గొప్పవారి చెక్కులూ ఉన్నాయి, బట్టల మిల్లులుండే లాంకషైర్ ఊళ్ళ నుండి వచ్చిన సొమ్మూ ఉంది.

లాంకషైర్ దగ్గర కొంచెం ఆగాలి. అమెరికాలో బానిసత్వం మీద అంతర్యుద్ధం జరిగిన రోజుల్లో అక్కడి దూది రాక ఈ మిల్లులు మూతపడ్డాయి, కార్మికులు పస్తులున్నారు. అయినా 1862 డిసెంబరు 31న మాంచెస్టరులో సభ చేసి, బానిసల విడుదలకై మేము మీ పక్షమే అని లింకన్‌కు లేఖ వ్రాశారు. లింకన్ మరుసటి నెలలో జవాబిచ్చాడు. కార్మికులందరూ అలాగే తలచారని కాదు, దూది వస్తే చాలు అన్నవారూ ఉన్నారు. మన ధర్మవరం మగ్గాలకు ఆ మిల్లు బట్టే శత్రువు అన్నదీ నిజమే. ఇవన్నీ నిజాలే. ఆకలి ఎరిగినవారు, పేరు కూడా సరిగా పలకలేని ఊళ్ళకు డబ్బు పంపారన్నది కూడా నిజం.

1877 చివర్లో వానలు పడ్డాక ఆ సొమ్ముతో రైతులకు విత్తనాలు, ఎద్దులు, కూలిన ఇంటి కప్పులకు సాయం అందాయి. గంజి శిబిరాల దగ్గర మాత్రం మన జబ్బు మనకుండేది. వేరే కులం చేతి వంట తినమని ఆకలితో వెనుదిరిగినవారు ఉన్నారు.

పరాయివారి కానుక ఈ నేలకు రావడం అదే చివరిసారి కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చిన తరువాత నడిచిన కథ మీకు నాకంటే బాగా తెలుసు. 2000లో బత్తలపల్లిలో తెరిచిన ఆసుపత్రికి మీరు ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారో! దాని వెనుక స్పెయిన్‌లో లక్షమందికి పైగా నెలనెలా కొంత తీసిపెట్టే మామూలు జనం ఉన్నారు.

ఇప్పుడు తమ్ముడు అడిగిన అమెరికాకు వద్దాము. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం, ఓలేత పట్టణంలో ఒక హోటల్లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు కూర్చుని ఉన్నారు. “నా దేశం విడిచి పో” అని అరుస్తూ ఒకడు కాల్పులు జరిపాడు. 32 ఏళ్ళ కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు, ఆయన స్నేహితుడు గాయపడ్డారు. అదే గదిలో ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ళ తెల్ల యువకుడు బల్ల కింద నక్కి, తూటాలు లెక్కపెట్టుకున్నాడు. అయిపోయాయనుకుని లేచి హంతకుని వెంటపడ్డాడు. లెక్క తప్పింది. తూటా చేతిలోనుండి ఛాతీలోకి దూసుకుపోయింది. అతడు బ్రతికాడు. హ్యూస్టన్‌లోని మన భారతీయులు ఇల్లు కొనుక్కొమ్మని అతనికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. హంతకునికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది.

ఇయాన్ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం కాన్సస్ కాదు, మా ఊరి టీ కొట్టు. నేను హైస్కూల్లో చదివే రోజులవి. మా చేనికి కూలికి వచ్చే పెద్దాయన ఒకరు, మా తాత వయసువాడు, ఆ కొట్టు చూరులో చెక్కిన గ్లాసు తీసి, తానే కడుక్కుని, దూరంగా నిలబడి పట్టేవాడు. టీ పైనుండి పోసేవారు. నేను బల్ల మీద స్టీలు గ్లాసుతో కూర్చుని ఉండేవాణ్ణి. ఆయన నన్ను “సామీ” అనేవాడు. నేను ఆయనను పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాణ్ణి. ఒకరోజు ఎండ మండిపోతూ ఉంది. ఆయన తాగి, గ్లాసు కడిగి, చూరులో పెట్టి, “పరీక్షలు ఎప్పుడు సామీ?” అని అడిగాడు. బల్ల మీద ఇద్దరికి చోటుంది. ఎవరూ తుపాకీ పట్టుకుని లేరు. వచ్చే నెలలో అని చెప్పి, నా టీ తాగడం ముగించాను.