విదేశీ విపణిలో వ్యాపార చిహ్నానికి రక్షణ: మాడ్రిడ్ విధానంలో అంతర్జాతీయ నమోదు

పచ్చడి సీసాపై ముద్రించిన పేరు, చీర మడతలో కుట్టిన చిన్న గుర్తు, మందుల డబ్బాపై కనిపించే ముద్ర - ఇవన్నీ వ్యాపార చిహ్నాలే. కొనుగోలుదారు సరకును గుర్తుపట్టేది, మరల అడిగి తీసుకునేది ఆ పేరును బట్టియే. ఏళ్ల తరబడి శ్రమించి సంపాదించుకున్న ఈ పేరును మన దేశంలో ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించుకున్నవారు, సరకు ఓడ ఎక్కిన తరువాత కూడ ఆ రక్షణ వెంట వస్తుందని భావించడం కద్దు. ఇది సరికాదు. వ్యాపార చిహ్నంపై హక్కు ఏ దేశానికి ఆ దేశంలోనే పుడుతుంది, ఆ దేశపు సరిహద్దు వద్దనే ఆగిపోతుంది.

ఈ సూత్రం పెద్ద సంస్థలను సైతం విడిచిపెట్టదు. జపాన్‌కు చెందిన టొయోటా సంస్థ 'ప్రియస్' అనే కారును 1997లో తన దేశంలో విడుదల చేసింది. భారతదేశంలో మాత్రం మోటారు వాహనాల విడిభాగాలు తయారుచేసే మరొక సంస్థ అదే పేరును 2002లో తన పేరిట నమోదు చేయించుకుంది. వివాదం సుప్రీం కోర్టు వరకు వెళ్లగా, 2017 డిసెంబరులో వెలువడిన తీర్పు ఆ పేరు విషయంలో టొయోటాకు వ్యతిరేకంగా వచ్చింది. ఇతర దేశాలలో ఎంత ఖ్యాతి ఉన్నప్పటికీ, భారత విపణిలో ఆనాటికే ఆ పేరుకు గుర్తింపు ఉన్నదని ఋజువు కావాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఇదే పరిస్థితి తలక్రిందులై, మన ఎగుమతిదారుకు పరాయి దేశంలో ఎదురుకావచ్చును. అక్కడి దిగుమతిదారో, పంపిణీదారో ముందుగా ఆ పేరును తనపేరిట నమోదు చేయించుకుంటే, అసలు యజమాని తన సరకును తన పేరుతోనే అమ్ముకోలేని స్థితి ఏర్పడుతుంది.

ఒకే దరఖాస్తు, పలు నిర్ణయాలు

ప్రతి దేశంలోనూ వేరువేరుగా, ఆయా భాషలలో, ఆయా న్యాయవాదుల ద్వారా దరఖాస్తు చేయడం చిన్న సంస్థలకు తలకు మించిన భారం. ఈ ఇబ్బందిని తగ్గించేందుకు ఏర్పడినదే మాడ్రిడ్ విధానం. దీనికి మూలం 1891 నాటి మాడ్రిడ్ ఒప్పందం. దానికి తోడుగా 1989లో మాడ్రిడ్ ప్రోటోకాల్ రూపొంది, 1996 ఏప్రిల్ నుండి ఆచరణలోకి వచ్చింది. జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) దీనిని నిర్వహిస్తున్నది. భారతదేశం 2010లో ట్రేడ్‌మార్క్స్ చట్టాన్ని సవరించి, 36-ఏ నుండి 36-జి వరకు గల సెక్షన్లతో ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చింది. 2013 జులై 8 నుండి ఈ ప్రోటోకాల్ మనకు వర్తిస్తున్నది. అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ మొదలైనవి అంతకుముందే సభ్యులు. కెనడా, మలేషియా 2019లోను, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021లోను చేరాయి. ఐరోపా సమాఖ్యను ఒక్కసారి పేర్కొంటే 27 దేశాలూ అందులో ఇమిడిపోతాయి. బ్రిటన్‌ను మాత్రం ఇప్పుడు విడిగా పేర్కొనవలసి ఉంటుంది.

అయితే 'అంతర్జాతీయ నమోదు' అనే మాట కొంత భ్రమ కలిగిస్తుంది. ప్రపంచమంతటా చెల్లే ఒకే హక్కు అంటూ ఏదీ లేదు. దరఖాస్తు ఒకటి, రుసుము చెల్లింపు ఒకచోట, నమోదు పుస్తకం ఒకటి. నిర్ణయం మాత్రం ఏ దేశానికి ఆ దేశానిదే. వైపో నియమ నిబంధనల మేరకు పత్రాలు సరిగా ఉన్నవో లేవో చూసి, నమోదు చేసి, దరఖాస్తుదారు కోరిన దేశాలకు తెలియజేస్తుంది. ఆ దేశాలు తమ చట్టం ప్రకారం పరిశీలించి, 12 నెలలలోగా, లేదా ఆ మేరకు ప్రకటించుకున్న దేశాలైతే 18 నెలలలోగా, అభ్యంతరాన్ని తెలుపవలెను. గడువు దాటినా ఏ సమాచారమూ రాకుంటే రక్షణ లభించినట్లే. అభ్యంతరం వస్తే దానికి సమాధానం అక్కడి ప్రతినిధి ద్వారా ఇవ్వవలసి ఉంటుంది గనుక, ఆ ఖర్చును ముందుగానే లెక్కలో ఉంచుకోవాలి.

దరఖాస్తుకు ముందు చూసుకోవలసినవి

దరఖాస్తుదారు భారత పౌరుడై ఉండాలి, లేదా ఇక్కడ నివాసమో, నిజమైన వ్యాపార స్థావరమో కలిగి ఉండాలి. కనుక భారత పౌరసత్వం ఉన్న ప్రవాసాంధ్రులు కూడ అర్హులే. కాని అందరికీ ఒక షరతు ఉన్నది: అదే చిహ్నానికి భారతదేశంలో నమోదు గాని, కనీసం పెండింగులో ఉన్న దరఖాస్తు గాని ఉండవలెను. దీనినే మూల నమోదు, మూల దరఖాస్తు అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వ్యాపారులు ఇందుకు చెన్నైలోని రిజిస్ట్రీ కార్యాలయ పరిధిలోకి వస్తారు.

చిక్కులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మన రిజిస్ట్రీ అంతర్జాతీయ దరఖాస్తును మూలంతో సరిపోల్చి ధ్రువీకరించిన తరువాతనే జెనీవాకు పంపుతుంది. యజమాని, చిహ్నం ఒకటే అయి ఉండాలి. సరకుల జాబితా మూలానికి మించి ఉండరాదు. ఇంటిపెద్ద పేరున చిహ్నం నమోదై, వ్యాపారం తరువాత భాగస్వామ్య సంస్థగానో, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగానో మారినచో, ముందుగా ఆ యాజమాన్య మార్పును ఇక్కడ నమోదు చేయించుకోవాలి. లేనియెడల కంపెనీ పేరిట పెట్టిన దరఖాస్తు ముందుకు సాగదు.

సరకుల వర్గీకరణలోనూ జాగ్రత్త అవసరం. అంతర్జాతీయ వర్గీకరణలో మొత్తం 45 తరగతులున్నాయి. గుంటూరు జిల్లాలో ఒక సంస్థ ఆవకాయ, గోంగూర పచ్చడితోపాటు కారం పొడి కూడ అమ్ముతున్నదనుకుందాం. పచ్చళ్లు 29వ తరగతికి, మసాలా దినుసులు, పొడులు 30వ తరగతికి చెందుతాయి. నేత బట్ట 24వ తరగతి అయితే చీర 25వ తరగతి. ఔషధాలు 5వ తరగతి. ఇక్కడ ఒక్క తరగతిలోనే నమోదు చేయించుకున్నవారు అంతర్జాతీయ దరఖాస్తులో రెండవది కలుపుకోలేరు.

తెలుగు అక్షరాలతో పేరు రాసుకున్నవారు మరొక విషయం ఆలోచించాలి. లాటిన్ లిపి కాని చిహ్నానికి ఆ లిపిలో ఉచ్చారణను దరఖాస్తులో తెలుపవలసి ఉంటుంది. దానివల్ల ఇంగ్లీషు అక్షరాల రూపం కూడ విడిగా నమోదైనట్లు కాదు. విదేశాలలో దుకాణాల అరలలో కనిపించే సీసాపై పేరు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలలోనే ఉంటుంది. అక్కడ వాడుకలో ఉండబోయే రూపం ఏదో, ఇక్కడ ముందుగా ఆ రూపానికే నమోదు కోరడం మేలు. అవకాశమున్నవారు రెండింటినీ వేర్వేరుగా కోరవచ్చును.

రుసుములు, గడువులు

దేశీయ దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో తరగతికి వ్యక్తులు, అంకుర సంస్థలు, చిన్న పరిశ్రమలైతే రూ. 4,500, ఇతరులైతే రూ. 9,000 చెల్లించాలి. అంతర్జాతీయ దరఖాస్తును ఎంఎం-2 నమూనాలో ఆన్‌లైన్‌లోనే సమర్పించాలి. మన రిజిస్ట్రీకి రూ. 5,000 నిర్వహణ రుసుము ఉంటుంది. వైపోకు చెల్లించే ప్రాథమిక రుసుము నలుపు-తెలుపు చిహ్నానికి 653 స్విస్ ఫ్రాంకులు, రంగుల చిహ్నానికి 903. దీనికి తోడు ప్రతి దేశానికి 100 ఫ్రాంకులు గాని, ఆ దేశం స్వయంగా నిర్ణయించుకున్న మొత్తం గాని చేరుతుంది. అమెరికా వంటి దేశాలు తమ రుసుమును విడిగా నిర్ణయించుకున్నాయి గనుక, చెల్లించే రోజున వైపో లెక్కింపు పట్టికను చూసుకోవడం అవసరం. అవసరం లేని దేశాలను గొప్పకు చేర్చి ధనం వృథా చేసుకోనక్కరలేదు. కొత్త దేశాలను తరువాత కూడ చేర్చుకునే వీలున్నది.

దేశీయ దరఖాస్తు ఇచ్చిన 6 నెలలలోగా అంతర్జాతీయ దరఖాస్తు చేసినవారికి మొదటి తేదీ ప్రాధాన్యం విదేశాలలోనూ దక్కుతుంది. మధ్యలో మరొకరు ఆ పేరు కోరినా, ముందు వరుసలో వీరే ఉంటారు.

మొదటి 5 సంవత్సరాలు అంతర్జాతీయ నమోదు మూల నమోదుపైనే ఆధారపడి ఉంటుంది. ఈ వ్యవధిలో ఇక్కడి దరఖాస్తు తిరస్కరణకు గురైనా, లేదా ఎవరైనా ఆక్షేపించి నమోదును రద్దు చేయించినా, అన్ని దేశాలలోని రక్షణ ఆ మేరకు ఒక్కసారిగా కూలిపోతుంది. 5 ఏళ్లు నిండకముందే మొదలైన వివాదం ఆ తరువాత తేలినా ఫలితం ఇదే. రద్దయిన 3 నెలలలోగా ఆయా దేశాలలో విడి దరఖాస్తులుగా మార్చుకునే సదుపాయం ఉన్నది, పాత తేదీ నిలుస్తుంది, కాని ఖర్చు మరల మొదటికి వస్తుంది. అందువల్ల సరకు గుణాన్ని మాత్రమే వర్ణించే పేరుతోనో, ఇతరుల పేరును పోలిన పేరుతోనో పెండింగు దరఖాస్తును ఆధారం చేసుకుని ఎక్కువ దేశాలకు పోవడం సాహసమే. ఇక్కడ పునాది గట్టిపడిన తరువాత వెళ్లడం కొందరికి క్షేమం. విపణిలో పోటీ ఎక్కువైనచోట ఆలస్యమే నష్టం. ఈ రెండింటిలో ఏది బరువైనదో వ్యాపారి తన సరకును బట్టి తేల్చుకోవలసి ఉంటుంది.

2024 చివరి నాటికి సౌదీ అరేబియా, కువైట్, దక్షిణాఫ్రికా, నేపాల్ ఈ విధానంలో సభ్యులు కావు. తెలుగువారు గణనీయంగా ఉన్న గల్ఫ్ దేశాలకు సరకు పంపేవారు ఇది ప్రత్యేకంగా గమనించాలి. సభ్యత్వం లేని దేశాలలో నేరుగా దరఖాస్తు చేయక తప్పదు. అమెరికాను కోరేవారు ఆ చిహ్నాన్ని అక్కడ వాడే ఉద్దేశాన్ని ప్రకటించవలసి ఉంటుంది. రక్షణ లభించిన తరువాత 5వ, 6వ సంవత్సరాల మధ్య వాడుకకు ఆధారాలతో ప్రమాణ పత్రం కూడ దాఖలు చేయాలి.

భౌగోళిక గుర్తింపు వేరు, వ్యాపార చిహ్నం వేరు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగనపల్లె మామిడి పేరు ఏ ఒక్క వర్తకుని సొత్తూ కాదు. ఆ పండ్లను ఎగుమతి చేసే వ్యాపారి తన సొంత పేరుకే మాడ్రిడ్ విధానంలో నమోదు కోరవలెను.

అంతర్జాతీయ నమోదు 10 సంవత్సరాలు అమలులో ఉంటుంది. గడువు తీరేలోగా, లేదా అదనపు రుసుముతో తరువాతి 6 నెలలలోగా, ఒకే చెల్లింపుతో అన్ని దేశాలకు పునరుద్ధరించుకోవచ్చును. చిరునామా, యాజమాన్య మార్పులు కూడ ఒకేచోట నమోదవుతాయి. నమోదు పూర్తికాకముందే సరకుపై వలయంలో ఆర్ అక్షరాన్ని ముద్రించడం మాత్రం మన చట్టంలోని 107వ సెక్షను ప్రకారం నిషిద్ధం. ఒక దేశంలో నమోదై మరొక దేశంలో ఇంకా పరిశీలనలో ఉన్నప్పుడు, రెండు దేశాలకు వెళ్లే సీసాలకు ఒకే లేబుల్ అంటించకుండా చూసుకోవాలి.