పుల్ల నుంచి ముల్లు దాకా

ముచ్చటపడి పాత కారు తెచ్చుకున్నవాళ్లను మొదట కంగారుపెట్టేది చాలాసార్లు డ్యాష్‌బోర్డు మీది పెట్రోలు ముల్లే. ట్యాంకు నిండా పోయించినా సగం దగ్గరే నిలబడుతుంది. మలుపు తిరిగితే పావుకు జారుతుంది. హెడ్‌లైట్లు వేయగానే మళ్లీ కదులుతుంది. మీటరు పోయింది, కొత్తది వేయిస్తే సరి అనేది వెంటనే వినిపించే మాట. కొత్తది వేశాక కూడా ముల్లు పాత పాటే పాడుతుంటే అప్పుడు తల గోక్కోవాలి. పేరు ఒకటే అయినా, నూరేళ్లలో పెట్రోలు మీటరు లోపలి సూత్రం చాలాసార్లు మారింది. ఒక తరం మీటరులో ముల్లు ఊగడం సహజం, మరో తరంలో అదే ఊగుడు రోగలక్షణం. కాబట్టి పాత కారు మీటరు బాగుచేయడంలో పానా పట్టుకోవడం రెండో పని. ఆ మీటరు ఏ తరానిదో తేల్చుకోవడం మొదటి పని.

మొదట్లో కార్లకు పెట్రోలు మీటరే లేదు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టీలో ట్యాంకు చాలావరకు ముందు సీటు కిందే ఉండేది. సీటు ఎత్తి, మూత తీసి, గాట్లు పెట్టిన కర్రపుల్ల ముంచి, తడి ఎంతదాకా అంటిందో చూసుకునేవారు. పంపు లేదు కాబట్టి పెట్రోలు పల్లానికి నీళ్లు పారినట్టు పారి ఇంజినుకు చేరాలి. ట్యాంకు అడుగంటినప్పుడు నిటారు మెట్ట ఎదురైతే కారును వెనక్కి తిప్పి రివర్సు గేరులో ఎక్కించేవారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1960ల మొదటిదాకా మీటరు లేకుండానే నడిచింది. ఇంజిను తడబడగానే కాళ్ల దగ్గరి మీట తిప్పితే దాదాపు ఐదు లీటర్ల రిజర్వు అందేది. ఈ లెక్క తెలుగువాళ్లకు కొత్తది కాదు. చేతక్ స్కూటరూ బుల్లెట్టూ నడిపిన తరం "రిజర్వుకొచ్చింది" అన్న ఒక్క మాటతో ఏళ్ల తరబడి బండి లాగించింది. పుల్లకూ రిజర్వుకూ చెడిపోవడం పెద్దగా తెలియదు. కానీ పుల్లను బండి ఆపి అడగాలి, రిజర్వు ఆఖరి నిమిషంలో తప్ప నోరు విప్పదు. నడుస్తుండగానే జవాబు కావాలనుకున్నప్పుడు ముల్లు పుట్టింది, దానితోపాటే చిక్కులూ పుట్టాయి.

ఆ చిక్కులన్నిటికీ మూలం దూరం. 1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏలో ట్యాంకు డ్యాష్‌బోర్డుకు సరిగ్గా వెనకే ఉండేది కాబట్టి బెండు ఫ్లోటుకు తగిలించిన గుర్తే నేరుగా కంటికి కనిపించేది. ట్యాంకు కారు వెనక భాగానికి వెళ్లాక కబురు మోయడానికి ఒక దూత అవసరమైంది. అమెరికాలో కింగ్-సీలీ సంస్థ మీటర్లలో ఆ దూత గాలి. ట్యాంకు అడుగున పెట్రోలు బరువుకు నొక్కుకున్న గాలి సన్నటి గొట్టం గుండా వచ్చి, డ్యాష్‌బోర్డులోని గాజునాళికలో ఎర్రటి ద్రవాన్ని పైకి నెట్టేది. గొట్టంలో సూదిమొన అంత బెజ్జం పడినా లెక్క తప్పేది. తర్వాత విద్యుత్తు దూత అయింది. ఫ్లోటు లేస్తూ దిగుతూ ట్యాంకులోని సెండరు అనే భాగంలోని తీగ నిరోధాన్ని మారుస్తుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. ఈ తరం మొదటి మీటర్లలో రెండు కాయిళ్లు ముల్లును చెరోవైపు లాగుతాయి. రెండింటికీ అందేది ఒకే బ్యాటరీ కరెంటు కాబట్టి బ్యాటరీ బలం ఎక్కువ తక్కువలైనా ముల్లు పెద్దగా చలించదు. కానీ ట్యాంకులో పెట్రోలు తొణికిన ప్రతిసారీ అదీ తొణుకుతుంది. మలుపులో ముల్లు జారడం ఈ మీటరుకు పుట్టుకతో వచ్చిన గుణం.

ఆ తొణుకుడు నచ్చకే బైమెటల్ మీటరు వచ్చింది. రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగుతూ ముల్లును నెమ్మదిగా నెడుతుంది. వేడి ఎక్కడానికీ దిగడానికీ సమయం పడుతుంది కాబట్టి గతుకులూ మలుపులూ దానికి పట్టవు. ఆ నిదానానికి మూల్యం వేరే చోట చెల్లించారు. పట్టీ వేడి నేరుగా వోల్టేజిని బట్టి మారుతుంది కాబట్టి, ఇంట్లో ఫ్రిజ్ దగ్గర పెట్టినట్టే ఇక్కడా ఒక స్టెబిలైజరు పెట్టాల్సి వచ్చింది. బ్రిటిష్ స్మిత్స్ మీటర్లలో అది సగటున 10 వోల్టులు అందిస్తుంది. ముల్లు ఊగడం తగ్గింది, చెడిపోయే భాగం ఒకటి పెరిగింది. పెట్రోలు ముల్లూ ఇంజిను వేడి చూపే ముల్లూ కలిసికట్టుగా తప్పు చెబుతుంటే, రెంటికీ ఉమ్మడి అయిన స్టెబిలైజరునే మొదట అనుమానించాలి.

మల్టీమీటరు ఉండగా ఈ వంశవృక్షం ఎందుకని అడగవచ్చు. మల్టీమీటరు అంకె చెబుతుంది, ఆ అంకెకు అర్థం చెప్పదు. ఎంజీబీ కారు 1962లో కాయిల్ మీటరుతో వచ్చి, కొద్ది ఏళ్లలోనే బైమెటల్‌కు మారింది. సెండరు నుంచి మీటరుకు వచ్చే తీగ ఊడిపోతే మొదటి రకం "ఫుల్" చూపిస్తుంది, రెండో రకం "ఖాళీ" చూపిస్తుంది. అదే తీగ బాడీకి తగిలి ఎర్త్ అయితే ఫలితాలు తారుమారవుతాయి. ట్యాంకు ఎర్త్ తుప్పుపడితే మాత్రం తీగ ఊడిన వైపే లెక్క జరుగుతుంది. కాయిల్ మీటరు లేని పెట్రోలు ఉన్నట్టు చెప్పి నడిరోడ్డున నిలబెడుతుంది. బైమెటల్ మీటరు ఉన్నదాన్ని తగ్గించి చెప్పి అనవసరంగా బంకుకు పంపుతుంది. కారు పేరును బట్టి తరం తేల్చడమూ కుదరదు. అంబాసిడర్ అనే ఒక్క పేరుతో 2014 దాకా బండ్లు తయారయ్యాయి, ఈలోగా డ్యాష్‌బోర్డు పలుమార్లు మారింది. నమ్మదగిన పరీక్ష తాళం తిప్పి చూడటమే. ముల్లు ఒక్కసారిగా ఎగిరితే కాయిల్, అర నిమిషం తాపీగా ఎక్కితే బైమెటల్.

అన్నీ తీసేసి కొత్త సెండరు వేస్తే పోదా అన్నది రెండో ప్రశ్న. జనరల్ మోటార్స్ ఫుల్ ట్యాంకుకు వాడిన 30 ఓమ్ సెండరు నిరోధాన్ని 1965 ప్రాంతంలో 90కి మార్చింది. ఒక తరం మీటరుకు మరో తరం సెండరు తగిలిస్తే రెండూ కొత్తవే అయినా ముల్లు అబద్ధమే చెబుతుంది. పైగా అసలు దోషి తరచు ఎర్త్. ముద్దుగా రంగు వేయించిన ట్యాంకు ఆ రంగు పొర వల్లే బాడీతో సంబంధం కోల్పోవచ్చు. లైట్లు వేసినప్పుడల్లా ముల్లు మారితే అనుమానం అటే పోవాలి. ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర గెంతితే సెండరు తీగ అక్కడ అరిగిందని అర్థం. ఎప్పుడూ ఖాళీ చూపిస్తుంటే ఫ్లోటును చూడాలి. ఇత్తడి ఫ్లోటుకు బెజ్జం పడితే పెట్రోలు నిండి మునిగిపోతుంది. బెండు ఫ్లోటు కథ ఇంకా చిత్రమైనది. దానికి పూర్వం లక్క పూత పూసేవారు. లక్క పెట్రోలులో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. 2023 ఫిబ్రవరిలో మన బంకుల్లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు, దశాబ్దాలు నిలిచిన ఆ పూతను కరిగించగలదు. ఇంధనం మారితే కొలిచే సాధనమూ ఓడిపోతుందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ అక్కర్లేదు.

కిలోమీటర్ల లెక్క రాసుకుంటే మీటరుతో పనేముందనేవాళ్లూ ఉన్నారు. ట్యాంకు కారకుండా, కార్బురేటరు సరిగా ఉన్నంతవరకు ఆ లెక్క చెల్లుతుంది. పాత కారులో ఆ రెండింటికీ పూచీ ఇచ్చేవారు లేరు. కాబట్టి ముల్లును బాగుచేసుకోవాల్సిందే, కానీ ఖర్చు తక్కువైన చోట మొదలుపెట్టాలి. ముందు బ్యాటరీ కనెక్షను తీసి, ట్యాంకు ఎర్త్ బోల్టును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. ట్యాంకు దగ్గర నిప్పురవ్వ లేవకూడదు, సెండరుకు బ్యాటరీ కరెంటు నేరుగా ఎప్పుడూ ఇవ్వకూడదు. అప్పటికీ ముల్లు ఊగితే, మీటరు విప్పే ముందు అది కాయిలా బైమెటలా అన్నది తేల్చుకోండి.