మొదటి షాట్‌కు ముందు

1976 జనవరి 14న అన్నపూర్ణ స్టూడియోను అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. పరిశ్రమలో అధిక భాగం ఇంకా మద్రాసులోనే ఉన్న రోజులవి. జూబ్లీహిల్స్‌కు వెళ్లే దారిలో, రాళ్లగుట్టల మధ్య, అక్కినేని నాగేశ్వరరావు గారు భార్య పేరిట కట్టిన స్టూడియో ఇది. ‘సెక్రటరీ’తో ఇక్కడ చిత్రీకరణ మొదలైంది. ఇవన్నీ రాసేవాళ్లున్నారు. నేను మాత్రం కెమెరా విభాగం వైపు నిలబడి, లెన్స్ పరీక్ష గురించి చెబుతాను.

35 ఎం.ఎం. ఫ్రేము వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. 40 అడుగుల తెర మీద అది 500 రెట్లకు పైగా పెరుగుతుంది. నటి కంట్లో ఏ కాస్త మసక ఉన్నా అంతే పెరుగుతుంది.

అందుకే షూటింగ్‌కు ముందే కెమెరా అసిస్టెంట్లు లెన్సులు ముందేసుకుని కూర్చుంటారు. వెలుగుకెదురుగా పట్టి గీతలు, ఫంగస్ ఉన్నాయేమో చూస్తారు. సన్నని గీతలున్న చార్టును లెన్స్ గుండా గోడ మీదికి ప్రొజెక్ట్ చేస్తారు. నడిమధ్యన గీతలు విడివిడిగా కనిపిస్తే సరిపోదు, నాలుగు మూలల్లోనూ కనిపించాలి. కెమెరాకు లెన్స్ బిగించే పి.ఎల్. మౌంటు అంచు నుంచి ఫిల్ముకు దూరం 52 మిల్లీమీటర్లు. అందులో వందో వంతు మిల్లీమీటరు తేడా వచ్చినా వైడ్ లెన్స్ మీద రాసిన అడుగుల గుర్తులు అబద్ధాలైపోతాయి. ఒకే సెట్‌లోని లెన్సులన్నీ చర్మం రంగును ఒకేలా చూపాలి. లేకుంటే క్లోజప్‌లో ఒక ఛాయ, మిడ్ షాట్‌లో మరో ఛాయ.

స్కోప్ వచ్చాక ఈ పని మరీ కష్టమైంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. స్కోప్ లెన్స్ దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద వేస్తుంది, థియేటర్లో మరో లెన్స్ దాన్ని విప్పుతుంది. ఆ నొక్కుడు అన్ని దూరాల్లో ఒకేలా ఉండకపోతే దగ్గరి ముఖాలు ఉబ్బుతాయి. మానిటర్లు లేని కాలంలో టెస్ట్ తీసి, నెగెటివ్ కడిగించి, ప్రింటు తెర మీద చూసేదాకా ఏదీ తేలేది కాదు. ఆ ఓపిక గల చేతుల్లో చాలావాటి పేర్లు టైటిల్స్‌కు ఎక్కలేదు. అది నాకు బాధే.

ఇప్పుడు డిజిటల్ కెమెరాకు పాత లెన్సులు కావాలని ఏరి తెచ్చుకుంటున్నారు, వాటి మెత్తదనం కోసం. అయినా చార్టు తప్పలేదు. ఎంత మెత్తదనం ఉందో, ఎక్కడుందో కొలిచి చూశాకే ఆ లెన్స్‌ను కెమెరాకు బిగిస్తున్నారు.