మల్లన్న ఖాతా

శ్రీశైల యాత్రికులకు మేలొనర్చిన ప్రభువుల పేర్లు మనకు దెలియును. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి కొండకు సోపానములు కట్టించెను. 1377లో అనవేమారెడ్డి వీరశిరోమండపమును నిర్మించెను. 1393లో రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించెను. శిలాశాసనములే యిందులకు సాక్షులు. అయితే ఆ మెట్లెక్కిన బాటసారి యడవిలో నేమి తినెను? ఆ మూట నెవరు కట్టి యిచ్చిరి? దీనికి శాసనము బదులు చెప్పదు.

పడమటినుండి వచ్చువారికి నల్లమల వాకిలి ఆత్మకూరు. వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారము: ఇది పాత కాలిబాట. ఉగాదికి కన్నడ భక్తులు నేటికిని ఈ దారినే నడచుచున్నారు.

ఆ యూరి యంగడి వీధిలో బొరుగులు, బెల్లము నమ్ము నొక వృద్ధునితో నాకు మాట కలిసినది. నేను ధర యడుగగా, ఆయన నన్నే యడిగెను: “కొండకు నడిచి పోతావా నాయనా, బస్సుకు పోతావా?”

బస్సునకే యంటిని.

“అట్లయితే పావుకిలో చాలు. నడిచేటోళ్లకు మా జేజినాయన, పోను ఎన్నాళ్లు, వచ్చేదానికి ఎన్నాళ్లు అని అడిగి తూచేటోడు.”

చేత డబ్బు లేనివారికి అరువిచ్చెడివారట. తిరుగు ప్రయాణమున చెల్లించుట మర్యాద. నాడు నల్లమల చలిజ్వరమునకు పేరుపడినది. జాతరలలో కలరా వ్యాపించుటయు కద్దు. “రానివారి బాకీ యేమగును, పెద్దాయనా?” అంటిని.

“మల్లన్న ఖాతాకు రాసేటోళ్లు. మేము కొట్టేసిందీ లేదు, ఆయప్ప ఇచ్చిందీ లేదు” అని యాయన నవ్వెను. ఆ పుస్తకములు చెదల పాలైనవట.

శ్రోతలారా! ఒక్క యంగడి మాటతో చరిత్ర స్థిరపడదు. అయినను ఆలోచింపుడు. ఇది దానము గాదు, కేవల బేరమును గాదు. పేరు దెలియని పరదేశి మరల వచ్చునను నమ్మిక. దోర్నాల మీదుగా మోటారు మార్గ మేర్పడిన పిమ్మట యాత్ర పూటలో ముగియు పని యైనది. ఆ యరువునకు అక్కర తీరినది. రాజు రాతిపై వ్రాయించినది నిలిచెను; వర్తకుడు కాగితముపై వ్రాసినది పోయెను. మీ యిండ్ల యటకలపై పాత చిట్టా, ఆవర్జాలున్నచో తూకమునకు వేయకముందు ఒక్కమారు విప్పి చదువుడు. మెట్లెక్కినవారి చరిత్ర అందున్నది.