ఎండతో పొత్తు

సింహాద్రిపురంలో మా మేనమామ చీనీ తోటకి ఒకప్పుడు కరెంటు వచ్చేది రాత్రిపూటే. అర్ధరాత్రి టార్చిలైటు పుచ్చుకుని ఆయన మోటారు వెయ్యడానికి వెళితే, తిరిగొచ్చేదాకా అత్త వసారాలో కూర్చునుండేది. పాముల భయం, షాకు భయం. తెల్లారితే మాడ్చేసే ఎండ.

ఈమధ్య వెళ్ళాను కదా, తోటలో నల్లటి పలకలు! పగలే నీళ్ళు పారుతున్నాయి. "ఇంగ మీ మామకు రాత్రిళ్ళు తోటకు పోయే పనిల్యా" అంది అత్త.

నేను బి.ఏ. మనిషిని. ఎండ కరెంటెలా అవుతుందో తెలియక పుస్తకాలు తిరగేశాను.

1839లో ఫ్రాన్సులో బెకెరెల్ అనే 19 ఏళ్ళ కుర్రాడు, ద్రావణంలో ముంచిన లోహపు రేకుల మీద వెలుగు పడితే కరెంటు పుట్టడం గమనించాడు. 1883లో అమెరికాలో ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చటి బంగారు పూత పూసి సెల్లు చేశాడు. అంత బంగారం పెట్టినా, పడ్డ వెలుగులో నూటికి ఒక పాలే కరెంటయింది. మన నగల్లాగే, చూసుకోవడానికే!

1954 ఏప్రిల్ 25న బెల్ ప్రయోగశాలవాళ్ళు సిలికాన్ సెల్లు లోకానికి చూపించారు. చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురి కష్టం అది. నూటికి 6 పాళ్ళు కరెంటు. దాంతో తిప్పిందేమిటనుకున్నారు? ఓ బొమ్మ రంగులరాట్నం.

సిలికాన్ అంటే ఇసకలో ఉండేదే. ఇప్పటి పలకల్లో, శుద్ధి చేసిన సిలికాన్‌కి ఒక పక్క కాస్త ఫాస్ఫరస్, రెండో పక్క బోరాన్ కలుపుతారు. అవి కలిసిన చోట ఒకవైపే తెరుచుకునే తలుపులాంటిది ఏర్పడుతుంది. వెలుగు తగిలి విడివడిన ఎలక్ట్రాను ఆ తలుపు దాటిందా, మళ్ళీ అటునించి వెనక్కి రాలేదు. బయట తీగవెంట చుట్టు తిరిగే ఇల్లు చేరాలి. ఆ దారిలో మనం మోటారు పెడతాం. అంతే!

మొదట్లో ఆ ఖరీదు భరించగలిగినవి ఉపగ్రహాలే. 1958లో అమెరికా వాన్‌గార్డ్, 1975లో మన ఆర్యభట్ట. అలాంటిది, 2017లో మా జిల్లా మైలవరం మండలంలోని సోలార్ పార్కుకి వేలం పెడితే యూనిట్ 3 రూపాయల 15 పైసలకి దిగింది.

"మే నెలలో కరెంటు కుప్పలుగా వస్తుందేమో మామా?" అన్నాను. కాదట. పలకకి కావలసింది వెలుగు, వేడి కాదు. వేడెక్కినకొద్దీ దాని శక్తి కాస్త తగ్గుతుంది. మనలాగే అదీ ఎండకి డస్సిపోతుందన్నమాట.

మామ పొద్దున్నే తడిగుడ్డతో పలకల మీద దుమ్ము తుడుస్తాడు. అత్తకి మాత్రం ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వస్తుందిట. లేచి, ఆయన మంచం వంక ఒకసారి చూసి పడుకుంటుంది.