మధుమేహము: పథ్యము, ఔషధము — మంచేనహళ్ళి సీమ వెలుగులో ఒక చారిత్రక పరిశీలన

ఉత్తర పినాకిని నందికొండల చెంత జన్మించి, గౌరిబిదనూరు సీమను దడుపుచు ఆంధ్రదేశమున ప్రవేశించును. ఈ సీమలోనిదే మంచేనహళ్ళి. చిరకాలము గౌరిబిదనూరు తాలూకాలో హోబళిగా నుండి, పిదప తాలూకా కేంద్రమైన యూరిది. కోలారునుండి విడివడి 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో ఇచటను, బాగేపల్లి, చింతామణి ప్రాంతములందును ఇంటిభాష తెలుగు, కచేరిభాష కన్నడము అయిన కుటుంబము లనేకములు గలవు. నడివయస్సున సంక్రమించు మధుమేహమునకు కన్నడమున ‘సక్కరె కాయిలె’ యనియు, తెలుగున ‘చక్కెర జబ్బు’ అనియు వాడుక. ఈ పేరే యొక భ్రాంతికి మూలమైనది. కాఫీలో చక్కెర మానినచో వ్యాధి తీరునని తలచి, మూడుపూటల తెల్లన్నము నిశ్చింతగా భుజించువారు నేటికిని కలరు. ఈ వ్యాధిచికిత్స యొక్క చరిత్రను తెలిసికొన్న గాని ఈ భ్రాంతి తొలగదు.

మన ప్రాచీన వైద్యు లీ వ్యాధి నెఱిగియుండిరి. చరక సుశ్రుతులు ప్రమేహములు ఇరువది విధములని చెప్పి, అందు మధుమేహమును పేర్కొనిరి. సుశ్రుతుడు సహజమైన దొకటి, అపథ్యమువలన కలుగున దొకటి యని ప్రమేహమును రెండుగా విభజించెను. మొదటిదానియందు రోగి కృశించియుండుననియు, రెండవదానియందు స్థూలకాయుడై యుండుననియు నాతని పరిశీలన. రోగికి ఆతడు విధించిన భోజనమున ఆరికలవంటి చిఱుధాన్యములు, ఉలవలు, పెసలు, కందులు గలవు. దూరము నడచుట, బావులు త్రవ్వుట మున్నగు కాయకష్టములు గూడ చికిత్సలో భాగములే. మంచేనహళ్ళి సీమలోని మెట్టరైతునకు ఆ విధి క్రొత్తది గాదు. రాగిసంగటి, ఉలవచారు ఆతని నిత్యభోజనము. బావి త్రవ్వుట ఆతని బ్రతుకుతెరువు.

పాశ్చాత్యదేశములందు 1776లో మాథ్యూ డాబ్సన్ ఈ రోగుల మూత్రమున చక్కెర యున్నదని నిరూపించెను. 1889లో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనువారు కుక్కకు క్లోమగ్రంథిని తీసివేయగా దానికి మధుమేహము కలిగెను. దానితో వ్యాధికి క్లోమముతో గల సంబంధము తేలినది. టొరాంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ లు ప్రారంభించిన పరిశోధన ఇన్సులిన్‌ను లోకమునకు ప్రసాదించెను. 1922 జనవరిలో 14 ఏండ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు దానిని తొలుత ప్రయోగించిరి. అంతకు మున్ను అట్టి బాలురకు తిండి తగ్గించి మరణమును కొంతకాలము వాయిదా వేయుట తప్ప వేఱుమార్గము లేకుండెను.

అయినను పెద్దలకు వచ్చు వ్యాధి వేఱని 1936లో హిమ్స్‌వర్త్ విశదపఱచెను. ఇట్టి రోగులలో పెక్కుమందికి ఇన్సులిన్ శరీరమున నున్నను తగినట్లు పనిచేయదు. 1942లో ఫ్రాన్సున జాన్‌బోన్, సన్నిపాతజ్వరమునకు సల్ఫా మందు నిచ్చుచుండగా రోగుల రక్తమున చక్కెర మిక్కిలి పడిపోవుట గమనించెను. దానినుండి 1955 ప్రాంతమున మధుమేహపు మాత్రలు వెలువడెను. 1922లోనే తయారైన మెట్‌ఫార్మిన్‌ను ఫ్రెంచి వైద్యుడు స్టెర్న్ 1957లో చికిత్సకు ఉపయుక్తమని ప్రకటించెను. అమెరికాలో దానికి అనుమతి 1994లో గాని లభింపలేదు. మన దక్షిణదేశమున 1948లో మదరాసు స్టాన్లీ ఆసుపత్రియందు డాక్టరు ఎం. విశ్వనాథన్ మధుమేహరోగులకై ప్రత్యేక విభాగము నెలకొల్పెను. బ్రిటనున 1977లో ఆరంభమై 5,102 మంది రోగులను చేర్చుకొన్న సుదీర్ఘపరిశీలన యొకటి 1998లో ఫలితములను వెల్లడించెను. రక్తమున చక్కెరను అదుపున నుంచినచో కన్నులకు, మూత్రపిండములకు కలుగు హాని తగ్గునని అది స్థాపించెను.

ఇక రాగుల సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ననుసరించి 100 గ్రాముల రాగులలో పీచు సుమారు 11 గ్రాములు, సున్నము సుమారు 364 మిల్లీగ్రాములు గలవు. మరపట్టిన బియ్యమున పీచు 3 గ్రాములకు లోపు. కాని రాగులలోను పిండిపదార్థము సుమారు 67 గ్రాములున్నది. కావున సంగటి యెంత తిన్నను దోషము లేదనుట సత్యము కాదు. మెత్తగా విసరిన పిండితో కాచిన జావ త్వరగా జీర్ణమై చక్కెరను వేగముగా పెంచును. ముద్ద చిన్నదై, దానితో ఆకుకూర, అనపగింజలు, ఉలవలు హెచ్చుగా నుండుటయే మేలు.

మార్పు ఒక్క ధాన్యమునందే రాలేదు. 2013లో కర్ణాటక ప్రభుత్వము ఆరంభించిన అన్నభాగ్య పథకము బీదల యాకలిని తీర్చినది. అది చిన్న మేలు గాదు. కాని పండుగనాటి వరియన్నము అనుదినాన్నమైనది. విసురురాయి మూలబడినది. బావులెండి, వేయి అడుగులు దాటిన బోరుబావులు వచ్చినవి. వానిని త్రవ్వునది యంత్రము. కష్టము తగ్గెను, భోజనము మాఱెను, ఆయువు పెరిగెను. ఈ మూడును గూడినచోట వ్యాధి హెచ్చుట వింతగాదు. దేశమున 10 కోట్లకు పైగా మధుమేహరోగులున్నారని భారత వైద్యపరిశోధనామండలి సర్వే 2023లో అంచనా వేసినది.

ఇందువలన రెండు ప్రమాదములు కలుగుచున్నవి. పూర్వులు సంగటి తిని సుఖముగా నుండిరి గదా యని వైద్యుడిచ్చిన మాత్రలను మానివేయువా డొకడు. మాత్ర యున్నది గదా యని పథ్యమును వదలువా డొకడు. మొదటివానికి తెలియకయే కన్నులు, మూత్రపిండములు చెడును, కాలిపుండు మానదు. రెండవవానికి మాత్రలు నానాట హెచ్చవలసివచ్చును. మఱియు కొన్ని మాత్రలు మ్రింగి ఒక్కప్రొద్దుండువారికి చక్కెర పడిపోయి ప్రాణాపాయము గలుగవచ్చును. ఏకాదశికి ముందే వైద్యుని అడుగుట యుక్తము.

సుశ్రుతుడు పథ్యమును, శ్రమను, ఔషధమును వేఱుచేసి చెప్పలేదు. నేటి వైద్యమును అట్లే చెప్పుచున్నది. భేద మేమనగా, నేడు మూడునెలల సగటు చక్కెరను ఒక్క రక్తపరీక్షతో తెలిసికొనవచ్చును. మందు చాలినదో లేదో ఊహింప నక్కఱలేదు. అయితే వైద్యుని చీటిలోని మాట వంటయింటికి చేరవలెను. సంగటి కెలకు నిల్లాలికి ముద్ద యెంత యుండవలెనో, మాత్ర భోజనమునకు ముందో వెనుకో, ఆమె మాటాడు తెలుగున తెలిపిననాడే ఈ చికిత్స మంచేనహళ్ళి సీమలో పూర్ణమగును.